ఏడుపు పాపది.. నింద అమ్మ కంచానిది

పాలు పడలేదేమో.. పనస తిన్నందుకేమో.. డబ్బా మారిస్తే సరిపోతుందేమో! పసిబిడ్డ రాత్రి నిద్రపోకపోతే ముందుగా తిండి మీదే అనుమానం. అది ఎప్పుడు నిజం, ఎప్పుడు నింద? శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో తల్లులు రోజూ మోసే ప్రశ్న ఇది.

‘‘ఏటి తిన్నావే అమ్మీ, మద్దేనం? గుంటడు రేతిరంతా పడుకోనేదు!’’

ఉద్దానంలో బిడ్డ రాత్రంతా ఏడిస్తే తెల్లారి పడే మొదటి ప్రశ్న ఇది. పడేది తల్లి మీద. కవిటిలో కొబ్బరితోట మధ్య ఇంట్లో అయినా, కాశీబుగ్గ సందులో అద్దె గదిలో అయినా విచారణ ఒకే తీరున సాగుతుంది. పనసతొనలు తిన్నావా? వంకాయ ముట్టావా? నిన్న పేరంటంలో శనగలు నోట్లో వేసుకున్నావు కదా? ఏదో ఒకటి దొరుకుతుంది. అన్నం తినే మనిషి దగ్గర ఏదో ఒకటి దొరక్కుండా ఎలా ఉంటుంది! ఆ పూట నుంచి అది కంచంలోంచి పోతుంది. మర్నాడు రాత్రి బిడ్డ కాస్త కునుకు తీస్తే నేరం రుజువైనట్టే. తీయకపోతే ఇంకో కూర మీద కేసు.

ఇప్పుడు ఈ విచారణకు కొత్త సాక్షి వచ్చింది. విశాఖలో ఉన్న ఆడపడుచు ఫోన్లో ఏదో రీల్ చూసి, ‘‘వదినా, అది లాక్టోజ్ పడకపోవటమట, నువ్వు పాలూ పెరుగూ మానెయ్’’ అంటుంది. నాన్నమ్మ వాతం అన్నదీ ఆడపడుచు లాక్టోజ్ అన్నదీ చివరికి చేరేది ఒక్కచోటికే. బాలింత కంచం ఇంకాస్త ఖాళీ అవుతుంది.

పిల్లల డాక్టర్లు దీనికి చెప్పే జవాబులో దాపరికం లేదు. తిండి పడక నిద్ర చెడే పిల్లలు ఉన్నారు. అయితే చాలా తక్కువమంది. వాళ్లలోనూ ఎక్కువమందికి నిద్ర ఒక్కటే చెడదు. ఒంటి మీదో, వాంతిలోనో, విరేచనంలోనో, బరువులోనో మరో గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు లేకుండా నిద్ర ఒక్కటే లేనప్పుడు తిండిని అనుమానించటం చాలాసార్లు తప్పు తలుపు కొట్టటమే.

నిద్రపోని బిడ్డ జబ్బు బిడ్డ కాదు

అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతాడు. లెక్క చూస్తే కుంభకర్ణుడే. కానీ ఆ నిద్రంతా ముక్కలు ముక్కలు. పసివాళ్ల నిద్రలో ఒక్కో చుట్టు గంటలోపే ముగుస్తుంది. ఒక చుట్టు పూర్తయి రెండోది మొదలయ్యేలోపు బిడ్డ కదులుతాడు, మూలుగుతాడు, కళ్లు తెరుస్తాడు. పక్కన అమ్మ వాసన తగలకపోతే గొంతు విప్పుతాడు. రాత్రికీ పగటికీ తేడా తెలిపే లోపలి గడియారం రెండో నెల నుంచి నాలుగో నెల మధ్యలోగానీ కుదురుకోదు. పొట్ట చిన్నది, అమ్మపాలు త్వరగా అరుగుతాయి. రెండు మూడు గంటలకోసారి లేవటం ఆ వయసుకు ఉన్న ధర్మం.

మరి ఆరు నెలలు నిండాకైనా పడుకోవద్దా అంటారు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 388 మంది పిల్లల తల్లుల్ని అడిగి తెలుసుకున్న వివరాలను 2018లో ప్రచురించారు. ఆరు నెలల వయసులో 38 శాతం మంది ఏకబిగిన ఆరు గంటలు పడుకోవటం లేదు. ఏడాది నిండినవాళ్లలోనూ 28 శాతం మందిది అదే పరిస్థితి. వాళ్ల ఎదుగుదలకు ఏ లోటూ కనిపించలేదు. సరిగ్గా నిద్రపోని బిడ్డ మీ ఇంట్లోనే పుట్టాడని బెంగ పెట్టుకున్నవాళ్లు ఈ అంకెల్ని ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఏడుపుకీ ఒక కాలక్రమం ఉంది. రెండు మూడు వారాలప్పుడు మొదలై ఆరో వారానికి తారస్థాయికి చేరుతుంది. మూడు నాలుగు నెలలకు దానంతటదే దిగిపోతుంది. ఎక్కువగా సాయంత్రం పూట, కాళ్లు పొట్టకు ముడుచుకుని, మొహం కందగడ్డలా చేసుకుని గుక్కపట్టి ఏడుస్తారు. డాక్టర్లు కోలిక్ అనేది దీన్నే. రోజుకు మూడు గంటలకు మించి, వారానికి మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడిస్తే కోలిక్ అని వెసెల్ అనే అమెరికా వైద్యుడు 1954లో ఒక కొలత పెట్టాడు. ఇన్నేళ్లయినా దానికి కచ్చితమైన కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు.

మన పురుళ్ల పద్ధతిని ఈ కాలక్రమం పక్కన పెట్టి చూడండి. పురుడు పుట్టింట్లో. ఆరో వారం ఏడుపు అంతా అమ్మమ్మ చూస్తుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో సారె పెట్టి అత్తారింటికి పంపిస్తారు. అక్కడ నాన్నమ్మ ఏదో ఒక కషాయం పోస్తుంది, బిడ్డ హాయిగా పడుకుంటాడు. ‘‘మీ పుట్టింటోళ్లకి పిల్లల్ని సూడ్డం రాదు’’ అన్న మాట కోడలికి మిగులుతుంది. మూడో నెల దాటాక ఏ మందు పోసినా పనిచేసినట్టే కనిపిస్తుంది మరి! వస కొమ్ముకు, గ్రైప్ వాటర్‌కు, తాయెత్తుకు, డబ్బాపాల కంపెనీకి వచ్చిన పేరులో సగం ఈ మూడో నెల పుణ్యమే.

లాక్టోజ్ వేరు, అలర్జీ వేరు

ఈ రెండింటినీ కలిపేయటం వల్ల చాలా అనర్థం జరుగుతోంది. లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర. అది అమ్మపాలలో దాదాపు 7 శాతం ఉంటుంది. ఆవుపాలలోకన్నా ఎక్కువ. అంటే మనిషి బిడ్డ ఆ చక్కెరను అరిగించుకునే ఏర్పాటుతోనే పుడతాడు. పుట్టుకతోనే ఆ శక్తి లేని పిల్లలు ప్రపంచంలోనే అతి అరుదు. ఇంకో సంగతి, తల్లి పాలు తాగినా మానినా ఆమె రొమ్ముపాలలో లాక్టోజ్ తగ్గదు. అది తల్లి ఒంట్లోనే తయారవుతుంది. ఆడపడుచు సలహా ఇక్కడే వీగిపోయింది.

దక్షిణాదిలో పెద్దవాళ్లకు లాక్టోజ్ సరిగా అరక్కపోవటం మామూలే. గ్లాసుడు పాలు తాగితే తాతకు పొట్ట ఉబ్బుతుందంటే నమ్మొచ్చు. చిన్నతనం దాటుతుంటే ఆ ఎంజైము తగ్గుతూ వస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. తాత పొట్టను చూసి మనవడి పొట్ట మీద తీర్పు చెప్పటం మాత్రం కుదరదు. పసివాళ్లలో లాక్టోజ్ ఇబ్బంది వచ్చేది సాధారణంగా నీళ్ల విరేచనాలు పట్టుకున్న తర్వాత. పేగు లోపలి పొర దెబ్బతిని కొన్నాళ్లు అరగదు. పొర కోలుకోగానే సర్దుకుంటుంది. అప్పుడు కూడా అమ్మపాలు ఆపక్కర్లేదు.

అలర్జీ కథ వేరు. అది పాలలోని మాంసకృత్తులతో, అంటే ప్రొటీన్లతో వచ్చే తగాదా. బిడ్డ రక్షణ వ్యవస్థ ఆవుపాల ప్రొటీన్‌ను శత్రువనుకుంటుంది. కొందరికి పాలు పట్టిన నిమిషాల్లోనే దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, వాంతి, పిల్లికూతలు వస్తాయి. మరికొందరికి గంటలో రోజులో గడిచాక మలంలో జిగురు, రక్తపు చారలు, తగ్గని తామర, ఆగని వాంతులు, పెరగని బరువు. ఐరోపాలో తొమ్మిది దేశాల్లో 12 వేల మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనించిన యూరోప్రివాల్ అధ్యయనంలో పరీక్షించి నిర్ధారించిన ఆవుపాల అలర్జీ 0.54 శాతం మందికే తేలింది. అంటే 200 మందిలో ఒకరు. మిగిలిన 199 ఇళ్లలోనూ పిల్లలు రాత్రిళ్లు ఏడవకుండా ఉండరు.

పక్కింటి గేదెపాలు పట్టి చూద్దాం, మేకపాలు చలవ అనేవాళ్లకు ఒక మాట. ఆవుపాల ప్రొటీన్ నిజంగా పడని బిడ్డకు మేకపాలూ గేదెపాలూ కూడా చాలావరకు పడవు. ఆ ప్రొటీన్లు ఒకే పోలికవి.

మాల్మోలో తిరగబెట్టింది ఎందరికి?

తిండికీ ఏడుపుకీ సంబంధం లేదని కొట్టిపారేసే డాక్టర్లూ ఉన్నారు. అదీ తొందరపాటే. స్వీడన్‌లోని మాల్మోలో జాకబ్సన్, లిండ్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు కోలిక్‌తో ఏడుస్తున్న, అమ్మపాలు తాగే 66 మంది పిల్లల మీద చేసిన ప్రయోగం 1983లో వచ్చింది. తల్లుల తిండిలోంచి ఆవుపాలు తీసేశారు. 35 మంది పిల్లలకు ఏడుపు పోయింది. మన ఇళ్లలో అయితే కథ ఇక్కడే ముగుస్తుంది, ‘చూశావా, నేను చెప్పలేదూ!’ అనే మాటతో. వాళ్లు ఆగలేదు. తల్లులకు తిరిగి పాలు ఇచ్చి చూశారు. 23 మందికే ఏడుపు తిరగబెట్టింది. మిగిలిన 12 మందికి పాలు మానటం వల్ల తగ్గలేదు, తగ్గే వేళకు పాలు మానారు అంతే. వాళ్ల తల్లులకు తిరిగి పాలు ఇచ్చి చూడకపోతే ఆ 12 మందీ జన్మంతా ‘పాలు పడని పిల్లలు’గా మిగిలిపోయేవాళ్లు.

నేరుగా నిద్ర మీద పనిచేసింది బ్రస్సెల్స్ వైద్యుడు ఆంద్రే కాన్. రాత్రిళ్లు పదేపదే లేచి ఏడ్చే పిల్లల్లో, మిగతా కారణాలన్నీ వెతికి ఏదీ దొరకని కొద్దిమందికి ఆవుపాలు ఆపితే నిద్ర కుదిరిందని, తిరిగి ఇస్తే చెడిందని ఆయన బృందం 1985లో రాసింది. ఎవరికి ఏ పాలు ఇస్తున్నారో ముందే తెలిస్తే కళ్లు మోసపోతాయి కదా, అందుకని 1989లో తల్లిదండ్రులకూ పరీక్షించే డాక్టర్లకూ తెలియకుండా పాలు మార్చి చూశారు. ఆ కొద్దిమందిలో ఫలితం నిలబడింది. కాబట్టి అనుమానం అసలే తప్పు అనలేం. అయితే ఆయన పాలను అనుమానించింది వరసలో చివర, మిగతావన్నీ అయ్యాక. మనం మొదలుపెట్టేదే అక్కడ. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ పోగేసి 2018లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. కోలిక్‌కు తల్లి తిండి మార్పించమని గట్టిగా చెప్పేంత సాక్ష్యం దానికి దొరకలేదు.

బాలింత కంచంలో ఏముంది?

ఉత్తరాంధ్రలో బాలింతకు కాయం పెడతారు. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము లాంటివి దంచి బెల్లం, నెయ్యి కలిపి కట్టిన ముద్ద. తీరం పల్లెల్లో పాలు పడతాయని సొరచేప పిట్టు చేసి పెడతారు. చేపను ఉడికించి, తోలు వలిచి, పొడిపొడిగా చిదిమి, దండిగా వెల్లుల్లి వేసి వేయిస్తారు. మంచి మాంసకృత్తులున్న వంటకం అది, దాన్ని కనిపెట్టిన అమ్మమ్మకు దండం పెట్టాలి.

ఇలా పెట్టేవి ఒకపక్క ఉంటే, వద్దనేవి వాటికి పదింతలు. పప్పు వాతం, పెరుగు జలుబు, అరటిపండు శీతలం, గుడ్డు వేడి, వంకాయ దురద, గుమ్మడి వద్దు, పనస అసలే వద్దు. కొన్ని ఇళ్లలో నీళ్లు కూడా కొలిచి ఇస్తారు. పాలిచ్చే తల్లికి మామూలుకన్నా ఎక్కువ నీళ్లు కావాలని, ఉద్దానం ఉక్కపోతలో ఇంకా ఎక్కువ కావాలని వేరే చెప్పాలా! మనదేశంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. పురిట్లో రక్తం పోయి, చారు మెతుకులతో సరిపెట్టుకుంటున్న మనిషిని ‘‘నువ్వు తిన్నదే బిడ్డకు పడలేదు’’ అనటం న్యాయం కాదు.

తల్లి తిన్న పనసతొన బిడ్డ పొట్టలో వాయువుగా మారదు. పీచు వల్ల పుట్టే గాలి ఆమె పేగుల్లోనే ఉంటుంది, రక్తంలోకి ఎక్కి పాలలోకి దిగదు. తిన్నవాటి రుచీ వాసనా కొంత పాలలోకి వస్తాయి, అది బిడ్డకు మంచిదే, రేపటి అన్నానికి ఇప్పుడే పరిచయం. ఆవుపాలు, గుడ్డు లాంటి వాటి ప్రొటీన్లు అణుమాత్రం దిగుతాయి. అలర్జీ ఉన్న ఆ ఒక్క బిడ్డకే దానితో పేచీ.

ఈ కంచం సంగతి ఇంత సాగదీయటానికి కారణం ఉంది. పస్తులుండే తల్లికి నీరసం, నీరసానికి తోడు నిద్రలేమి, పాలు సరిపోవటం లేదేమోనన్న బెంగ. అక్కడి నుంచి డబ్బాపాలకు ఒకే అడుగు. డబ్బాపాలు అంటే ఆవుపాల పొడే. అంటే ఆవుపాలు పడవేమోనన్న అనుమానంతో మొదలైన కథ బిడ్డకు నేరుగా ఆవుపాలు పట్టటంతో ముగుస్తుంది! డబ్బాపాలకు ప్రకటనలివ్వటం, శాంపిళ్లు పంచటం 1992 నాటి చట్టం ప్రకారం మనదేశంలో నేరం. ఆ చట్టం కంపెనీలను కట్టడి చేసింది కానీ పక్కింటి సలహాను ఏం చేయగలదు?

‘పొట్టనిండా పెడితే పడుకుంటాడు’ అని నాలుగో నెలకే జావ పట్టే వాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో 1,303 మంది పిల్లలతో దీన్నీ పరీక్షించారు. మూడో నెల నుంచే ఘనాహారం మొదలుపెట్టిన పిల్లలు ఆరో నెలలో రాత్రికి దాదాపు 17 నిమిషాలు ఎక్కువ పడుకున్నారు. నాన్నమ్మ మాటలో ఆ 17 నిమిషాల నిజం ఉంది. దానికోసం ఆరు నెలల అమ్మపాల రక్షణను వదులుకోవాలా? అందులోనూ జావ కాచే నీటినే నమ్మలేని చోట!

జీడి చేతులు, ఎర్రటి ఒళ్లు, తెల్లటి కళ్లు

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కల పనికి వెళ్లే ఆడవాళ్ల చేతులు ఎప్పుడైనా చూశారా? పిక్క పెంకులో జిగట నూనె ఉంటుంది. ఒంటికి తగిలితే కాలినట్టు మచ్చ పడుతుంది, తోలు ఊడుతుంది. చేతులకు బూడిదో నూనెనో రాసుకుని పిక్క కోస్తారు. అయినా వేళ్ల కొసలు నల్లబడతాయి. ఆ నూనె అంటిన చేత్తో, ఆ చీరతోనే ఇంటికొచ్చి బిడ్డను ఒళ్లోకి తీసుకుంటే లేత చర్మానికి దురద పుట్టటానికి ఎంతసేపు? పని నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుని, చీర మార్చుకుని పాలివ్వమని చెప్పేవాళ్లు కావాలి. కంచంలోని జీడిపప్పును అనుమానించే ఇంట్లో చేతికంటిన జీడి నూనె ఎవరికీ గుర్తుకురాదు.

నిద్ర చెడగొట్టటంలో దురద ముందుంటుంది. గజ్జి రాత్రిళ్లే ఎక్కువ దురద పెడుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు గోక్కుంటున్నారంటే బిడ్డ ఏడుపుకు కారణం వాళ్ల చేతుల మీదే కనిపిస్తుంది. అందరికీ ఒకేసారి మందు రాస్తే పోతుంది. చెమటకాయలు, తామర, దోమలు, ముక్కు దిబ్బడ, చెవిపోటు.. వీటన్నిటినీ చూశాకే పాల వంతు రావాలి. కరెంటు పోయిన రాత్రి, సముద్రపు గాలి స్తంభించిన రాత్రి నాలుగు దుప్పట్ల మధ్య చుట్టిపెట్టిన బిడ్డ ఏడవక ఏం చేస్తాడు?

ఇంకోటి రక్తం. మనదేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కనురెప్ప కిందికి లాగితే ఎరుపు బదులు తెల్లగా ఉంటుంది. ఇనుము తక్కువైన పిల్లలు నిద్రలో కాళ్లాడిస్తారు, మాటిమాటికీ లేస్తారు, పగలంతా చిరాకు పడతారు. పాలకూ నిద్రకూ అసలు లంకె ఇక్కడ ఉంది. ఏడాదిలోపు పిల్లలకు సీసాలకు సీసాలు ఆవుపాలు పడితే ఇనుము అందదు, ఉన్నది ఒంటికి పట్టదు, పేగుల్లోంచి కంటికి కనిపించనంత రక్తం కూడా పోవచ్చు. అందుకే ఏడాది నిండేదాకా ఆవుపాలు ప్రధాన ఆహారం కాకూడదంటారు పిల్లల డాక్టర్లు. ఆరు నెలలు నిండాక చోడిజావ, పప్పు, గుడ్డు, ముల్లు తీసిన చేప మొదలుపెట్టాలి. ఆ వయసు నుంచి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. సీసా చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది.

అలర్జీ భయంతో గుడ్డు, వేరుశనగ ఏడాది దాకా పెట్టకపోవటం పాత పద్ధతి. అలర్జీ ముప్పున్న 640 మంది పిల్లలతో లండన్‌లో చేసి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, వేరుశనగ తొందరగా అలవాటు చేసినవాళ్లకు అయిదేళ్లకల్లా ఆ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. పలాసలో పుట్టిన బిడ్డకు జీడిపప్పు ఎలాగూ తప్పదు కాబట్టి మెత్తటి పొడిగా, చిటికెడుతో, పగటిపూట మొదలుపెట్టి గమనించండి. పలుకులు మాత్రం వద్దు, గొంతులో అడ్డుపడతాయి.

సీసాల్లోని నిద్ర

ఉద్దానానికి సీసాల మీద మాట్లాడే హక్కు మిగతా ఊళ్లకన్నా ఎక్కువ. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. కారణం ఇదీ అని ఇప్పటికీ అందరూ ఒప్పుకునేలా తేలలేదు. నీరంటారు, ఎండలో చాకిరీ అంటారు, ఒళ్లునొప్పుల బిళ్లలంటారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చే పథకమూ అదే రోజు మొదలైంది. నీటిని ఇంతగా అనుమానించే ఇళ్లలోనే పసిబిడ్డ గొంతులోకి పేరు తెలియని చుక్కలు ఎంత సులువుగా దిగిపోతాయో!

గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో పుట్టింది. మొదట్లో అందులో ఆల్కహాలు ఉండేది, బిడ్డ నిద్రపోయేది అందుకే అయి ఉండాలి. ఇప్పటి సీసాల్లో అది లేకపోయినా కోలిక్ తగ్గిస్తుందని గట్టి రుజువూ లేదు. కడుపునొప్పికని ఇచ్చే చుక్కల్లో డైసైక్లమిన్ ఉంటే ఆరు నెలలలోపు పిల్లలకు ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. జలుబు మందు పోస్తే మత్తుగా పడుకుంటాడని చెప్పే ప్రొమెథజిన్ రెండేళ్లలోపు పిల్లలకు వాడనే కూడదు. దగ్గు మందులో కలిసిన విషంతో 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. పాడైనవి వాళ్ల కిడ్నీలే. దగ్గు, జలుబు సిరప్‌లు రెండేళ్లలోపు పిల్లలకు రాయొద్దని ఆ ఏడాది అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. ఏడాదిలోపు తేనె నాకించటం, వస అరగదీసి పోయటం, ఆముదం పట్టటం కూడా ఈ జాబితాలోవే. పెద్దవాళ్ల మీద గౌరవంతోనే చెబుతున్నా, ఇవి ఆపాలి.

మరి అనుమానం నిజమైతే?

నాలుగు రాత్రులు ఓ నోటుపుస్తకం పెట్టుకోండి. బిడ్డ ఎప్పుడు లేచాడు, ఎంతసేపు ఏడ్చాడు, ఎప్పుడు పాలు తాగాడు, వాంతి అయిందా, విరేచనం ఏ రంగులో ఉంది, ఒంటి మీద ఏముంది. అంగన్‌వాడీలో బరువు తూయించి కార్డులో గీత ఎక్కడుందో చూడండి. బరువు పెరుగుతోంది, పగలు ఆడుకుంటున్నాడు, ఒళ్లు శుభ్రంగా ఉంది అంటే ఏ కూరా మానక్కర్లేదు. రొమ్ము పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఒకవైపే తాగించి చూడండి. ఆకుపచ్చ నురగ విరేచనాలు దానితోనే తగ్గుతాయి చాలామందికి.

మలంలో రక్తం, తగ్గని తామర, ఆగని వాంతులు, ఆగిపోయిన బరువు, ఆవుపాలు తాకగానే దద్దుర్లు.. వీటిలో ఏదున్నా నోటుపుస్తకం పట్టుకుని టెక్కలి జిల్లా ఆసుపత్రిలోనో, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆయన చెబితే తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాల పదార్థాలు మానాలి, అవి మాత్రమే, మిగతావన్నీ తింటూ, కాల్షియం బిళ్లలు వేసుకుంటూ. ఆ తర్వాత ఆయన చెప్పిన పద్ధతిలో తిరిగి తినాలి. గుర్తులు తిరగబెడితేనే అలర్జీ. మాల్మోలో తేల్చింది ఇలాగే. దద్దుర్లు, వాపు, ఆయాసం ఒకసారి వచ్చిన బిడ్డకు మాత్రం ఇంట్లో తిరిగి పెట్టి చూడకూడదు, ఆసుపత్రిలోనే చేయాలి. రక్తం తీసి వంద పదార్థాల జాబితా చేతిలో పెట్టే ల్యాబ్ ప్యాకేజీలు ఇందుకు పనికిరావు. డబ్బు దండగ, పైగా బిడ్డకు సగం తిండి మాన్పిస్తాయి. అలర్జీ తేలినా కలకాలం ఉండదు, ఎక్కువమంది పిల్లలకు బడి ఈడు వచ్చేలోగా పోతుంది.

భర్త చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిపోయి నెలల తరబడి రాని ఇళ్లు ఈ తీరంలో ఎన్నో. రాత్రి ఏడుపంతా ఒక్క మనిషి మీద పడుతుంది. అలాంటి ఇంట్లో తల్లికి నాలుగు గంటల నిద్ర దొరికితే బిడ్డ ఏడుపు సగం తగ్గినట్టు అనిపిస్తుంది. అత్తగారూ, కూర తీసేయకండి, తెల్లవారుజామున బిడ్డను మీరెత్తుకోండి.

ఆశా కార్యకర్త పురుడయ్యాక 42 రోజుల లోపు ఆరుసార్లు, తర్వాత మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు ఇంటికి రావాలన్నది నియమం. ఈసారి ఆమె వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న చుక్కల సీసాలన్నీ ముందు పెట్టి ఏది ఉంచాలో అడగండి. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా, పసిరు వాంతి అయినా, పాలు ముట్టకపోయినా, విడతలు విడతలుగా కాళ్లు ముడుచుకుని ఏడుస్తూ ఎర్రటి జిగురు విరేచనం అయినా అది పాలు పడకపోవటం కాదు. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.